కారులో ఇంకెవరూ లేరని రాశాను

ఇప్పుడు మెట్లెక్కగలుగుతున్నాను. బిడ్డను చంకన వేసుకుని నాలుగడుగులు నడిస్తే ఎడమ పక్కటెముకల దగ్గర సన్నగా పట్టేస్తుంది, అంతే. జ్వరం పోయి ఆరు నెలలు దాటింది. బిడ్డ నిద్రపోయాక లాంతరు వత్తి తగ్గించి ఇది రాస్తున్నాను. నా జబ్బు గురించి రాస్తే మనసు కుదుటపడుతుందని మా నాన్న చెప్పాడు. కానీ జబ్బు ఒక్కదాన్నే రాస్తే నేను మంచిదానిగా కనిపిస్తాను. జబ్బుపడిన వాళ్ళమీద అందరికీ జాలి ఉంటుంది. అందుకని రెండో సంగతి కూడా రాస్తున్నాను.

మా పుట్టిల్లు ప్రొద్దుటూరు. నాన్న హైస్కూల్లో మాస్టరు. నన్ను బి.ఏ. దాకా చదివించి, పులివెందులలో వేరుశనగ పండించే ఒక పెద్ద ఇంటికి కోడలిగా పంపాడు. ఆ ఇంట్లో మా మామకు ఒక కారు ఉంది. ఆడవాళ్ళు ఎక్కినప్పుడు వెనక కిటికీలకూ, రెండు సీట్ల మధ్యా నీలం గుడ్డతో తెర కట్టేవాళ్ళు. చదువుకున్న కోడలినని మా అత్త నాకు ఆ తెర మినహాయించలేదు. నేను అడగనూ లేదు.

మాఘం

మా తమ్ముడి పెళ్ళి బట్టలు కొనడానికి ప్రొద్దుటూరు బయల్దేరాం. మా ఆయన నడుపుతున్నాడు. తెర వెనక నేను, పది నెలల మా పాప, హుసేన్‌బీ అక్క. ఆమె పులివెందులలో మా ఇళ్ళన్నిటికీ రవికలు కుడుతుంది. భర్తకు ఉబ్బసం. ఇల్లు నడిచేది ఆమె కుట్టు మీదనే. రవికల గుడ్డ తానే చూసి ఏరుతానని, నాకు బేరం చేతకాదని, మా అత్తతో వాదించి మరీ కారెక్కింది.

ముద్దనూరు దగ్గర పాప నా ఒళ్ళో గింజుకుంటుంటే, "ఇట్లియ్యి పాపా, నీకు బిడ్డనెత్తుకోను కూడా పుస్తకం కావాల" అని నవ్వి తను తీసుకుంది. నన్నూ పాపా అనే పిలుస్తుంది.

అటునుంచి బండలు వేసుకొచ్చే ఎద్దులబండి వస్తోందట. ఒక ఎద్దు బెదిరి అడ్డం తిరిగిందట. తెర వల్ల మాకేమీ కనపడలేదు. కారు ఒక పక్కకు ఒరగడం, రోడ్డు పక్క మోరీ రాయి తగిలిన చప్పుడు, నా పక్కలో ఎవరో గడ్డపార దించినట్టు నొప్పి, ఇవే నాకు తెలుసు. ఊపిరి లోపలికి పోవడం లేదు. పాప ఏడుస్తోంది. నేను చెయ్యి చాచబోతే హుసేన్‌బీ అక్క అంది:

"ఏడవనీ. ఏడుస్తాందంటే బాగుందని."

ఆమె కుడిచెయ్యి పాప తలకూ కారు తలుపుకూ మధ్య ఇరుక్కుని ఉంది. ఆ చెయ్యి అక్కడ లేకపోతే ఏమయ్యేదో నేను ఈనాటికీ పూర్తిగా ఊహించను. సగంలో ఆపేస్తాను.

ఒక లారీ వాళ్ళు మమ్మల్ని జమ్మలమడుగు ఆసుపత్రికి చేర్చారు. మా ఆయనకు నుదుటి మీద గీత మాత్రం పడింది.

ఫాల్గుణం

పక్కటెముకలు విరిగాయన్నారు. అవి వాటంతట అవే అతుక్కుంటాయన్నారు. ఐదో రోజు జ్వరం మొదలైంది. ఊపిరితిత్తి పక్కన నీరు చేరిందన్నారు. నాకు తెలిసిందల్లా ప్రతి ఊపిరీ ఒక ముల్లు. దగ్గు వస్తుందేమోనని భయం, రాకపోతే కఫం గడ్డకడుతుందేమోనని భయం. మధ్యాహ్నం చలి వచ్చి మంచం చప్పుడయ్యేటట్టు వణికేదాన్ని. పాలు ఎండిపోయాయి. ఆ వార్డులోకి చంటిబిడ్డలను రానివ్వరు. మా అత్త పాపను ఎత్తుకుని బయట వరండాలో కూర్చునేది. నర్సు ఒకామె రోజుకు రెండుసార్లు పాపను తీసుకొచ్చి కిటికీ అవతల పైకెత్తి చూపించేది. తన పని కాదది. ఎవరూ చెప్పలేదు కూడా.

వరండాలో చాపాడు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. తమ్ముడికి ఆపరేషనైతే చంటిబిడ్డతో వచ్చింది. మా పాప ఆవుపాలు కక్కేస్తుంటే చూసి, మా అత్తను అడక్కుండానే తీసుకుని తన రొమ్ము పట్టిందట. నాలుగు రోజులు అట్లాగే పట్టింది. మా అత్తకు మాట రాలేదంటే చూడండి. పోయేరోజు ఆమె కిటికీ దగ్గరకొచ్చి నాతో అంది:

"బి.ఏ. సదివినామె బిడ్డ, బడి మొగం సూడని నా పాలు తాగె. పెద్దయినాక ఏం సదువుతాదో సూడాల."

నవ్వితే నొప్పి. అయినా నవ్వాను. ఆమె పేరు అడగలేదన్నది ఆమె వెళ్ళిన తర్వాత గుర్తొచ్చింది.

హుసేన్‌బీ అక్క ఆడవాళ్ళ వార్డులో నాకు ఆరు మంచాల అవతల ఉండేది. మణికట్టు దగ్గర ఎముకలు ముక్కలయ్యాయి. కట్టు కట్టారు. పన్నెండో రోజు ఇంటికి పోతానంది. వారం వారం వచ్చి చూపించుకోవాలని, వేళ్ళు ముడుచుకుపోకుండా ఇంకో ఆపరేషను అవసరం కావచ్చునని డాక్టరు చెప్తుంటే తల ఊపింది. తర్వాత రెండు వారాలు వచ్చింది. మూడో వారం రాలేదు.

ఆమె ఇంటికి వెళ్ళిన రెండు రోజులకే మా ఆయన కారు ఇన్సూరెన్సు ఫారం తెచ్చాడు.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయి మూడేళ్ళవుతున్నా, మా కారు ఇన్సూరెన్సు కాగితాలు మద్రాసు నుంచే వచ్చేవి. అంతా ఇంగ్లీషు. పాలసీ, ఫారం రెండూ నా దుప్పటి మీద పెట్టాడు.

"రిపేరుకు కంపెనీ ఇస్తాదంట. ఇది నింపి పంపాల. నువ్వే రాయి," అన్నాడు.

నాకు సంతోషమైందని ఒప్పుకోవాలి. ఆ ఇంట్లో రెండేళ్ళుగా నా చదువు ఎవరికీ అక్కరకు రాలేదు. దిండు ఎత్తుగా పెట్టించుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క గడీ నింపుకుంటూ వచ్చాను. సగం కిందకొచ్చాక ఒక గడి ఉంది: ప్రమాదం జరిగినప్పుడు కారులో ఉన్న ఇతరుల పేర్లు, వారికి తగిలిన గాయాలు. నేను పైకి చదివి చెప్పాను.

పక్కనే ఉన్న మా అత్త అడిగింది. "యాడికి పోతాదా కాగితం?"

"మద్రాసుకు."

"మద్రాసులో ఎవడో మనింటి ఆడోళ్ళ పేర్లు, ఎవురికి యాడ దెబ్బ తగిలిందో సదువుతాడా? ఎవురూ లేరని రాయి. తెర కట్టింటిమి గదా. ఎవురు సూసినారు?"

"మరి హుసేన్‌బీ అక్క పేరు?"

"ఒగ పేరు రాస్తే రెండో పేరు అడుగుతారు మ్మే. ఆమె కారులో ఒగతే ఉండెనా నీ మొగునితో?"

మా ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ, "కారు సంగతికి ఇదంతా ఎందుకు? రాసెయ్," అన్నాడు.

ఇంకెవరూ లేరని ఇంగ్లీషులో చక్కటి అక్షరాలతో రాశాను. నడిపింది తనే కాబట్టి మా ఆయన కింద సంతకం చేశాడు. మా అత్త, "పోనీలే, మీ నాయన సదివించినందుకు ఈ పొద్దు ఫలం," అంది. ఆ మాటకు పొంగిపోయాను కూడా. పాలసీలో మొదటి పేజీ చూసి నంబరు ఎక్కించుకున్నాను. మిగతా పేజీలు తిప్పలేదు. నాకు జ్వరం ఉందని చెప్పుకోవచ్చు. ఆ రోజు జ్వరం లేదు.

చైత్రం

కొంచెం లేచి కూర్చోగలిగాక నన్ను ప్రొద్దుటూరు తీసుకొచ్చారు. జ్వరం తగ్గుతూ మళ్ళీ వస్తూ నెల చివరికి వదిలింది. ఏ సాయంత్రానికి తిరిగొస్తుందోనన్న భయం మాత్రం వదల్లేదు. పొద్దు వాలుతుంటే చెయ్యి నుదుటి మీద పెట్టుకుని కూర్చునేదాన్ని. నా ఒళ్ళు వేడిగా ఉందో, నా అరచెయ్యే వేడిగా ఉందో తేల్చుకోలేక మా అమ్మను పిలిచేదాన్ని. ఆమె పాపను నా ఒళ్ళో పడేసి, "ఇది ఏడుస్తాంది, ముందు దీని సంగతి సూడు," అనేది. మంచి మందు అది.

నా సామానుతో పాటు పాలసీ కూడా వచ్చేసింది. నాన్నకు అచ్చువేసిన కాగితం ఏది దొరికినా చదివే అలవాటు. ఒక ఉదయం అరుగు మీద కళ్ళజోడు సర్దుకుంటూ నన్ను పిలిచాడు.

"ఇది సూసినావామ్మా?"

చూడలేదు. అది లోపలి పేజీలో ఐదారు వరుసలు. నాలాంటి వాళ్ళెవరైనా చదువుతారని దాన్ని ఇక్కడ నా మాటల్లో చెప్తాను. కారు పాలసీలో ఒక భాగం కారుకు జరిగిన నష్టానికి. ఇంకొక భాగం మన కారు వల్ల బయటివాళ్ళకు జరిగిన నష్టానికి. ఈ రెండూ అందరికీ తెలుసు. కొన్ని పాలసీల్లో మూడోది ఒకటి ఉంటుంది. కారులో కూర్చున్న మనిషికి దెబ్బ తగిలితే, డాక్టరుకు, ఆసుపత్రికి, మందులకు, ఆపరేషనుకు అయిన ఖర్చును మనిషికింతని ఒక హద్దు వరకు కంపెనీ ఇస్తుంది. తప్పు ఎవరిదని అడగదు. ఎద్దుదా, నడిపినవాడిదా అన్న తగాదా దీనికి లేదు. ఆ మనిషి యజమానికి చుట్టం కానక్కర్లేదు. బాడుగకు ఎక్కి ఉండకూడదు, అంతే. ఖర్చుల రసీదులు ఉండాలి, సంగతి తొందరగా తెలియజేయాలి. అన్నిటికంటే ముందు, ఆ మనిషి కారులో ఉన్నట్టు తెలియాలి. చౌక పాలసీల్లో ఈ భాగం ఉండదు. మా మామ కారు కొత్తది కాకపోయినా పాలసీ మాత్రం పెద్దది కట్టాడు.

నాన్న వేలితో ఒక మాట చూపించాడు. "ఎవరైనా అని ఉండాది సూడు. మగా ఆడా అని ల్యాదు. నీకూ వస్తాది, పాపం ఆ కుట్టుపనామెకూ వస్తాది. ఫారంలో మీ పేర్లు రాసింటారు గదా?"

"ఏమో నాన్నా. ఆయన రాసుకున్నారు. నాకు తెలీదు," అన్నాను.

నాన్నతో నేనాడిన మొదటి అబద్ధం అదేనని రాయలేను. కానీ నాన్న నమ్మకూడదని కోరుకుంటూ ఆడినది అదొక్కటే. ఆయన నమ్మాడు.

ఆ రోజే ఎందుకు చెప్పలేదు? అప్పటికే కంపెనీ కారు రిపేరుకు ఒప్పుకుంది. ఫారం అబద్ధమని తేలితే అదీ ఆగిపోతుంది. సంతకం మా ఆయనది. పాపను తీసుకుని పులివెందుల పోవలసినదాన్ని నేను. ఈ కారణాలన్నీ నిజమే. వాటిని వరసగా చెప్పుకుంటూ నలభై రోజులు గడిపాను.

వైశాఖం

ఎండలు ముదిరాక ఒకనాడు హుసేన్‌బీ అక్క బస్సు దిగి మా ఇంటికొచ్చింది. ప్రొద్దుటూరులో ఒక డాక్టరుకు చెయ్యి చూపించుకుని వచ్చింది. మధ్యలో ఎవరో నాటువైద్యుడు కట్టిన కట్టు గుర్తుగా మణికట్టు వంకర తిరిగి ఉంది. వేళ్ళు లోపలికి వంగిపోయి, సగం మూసిన పిడికిలిలా ఉన్నాయి. ముందు పాపను ఎడమచేత్తో ఎత్తుకుని తల తడిమి చూసింది. ఎక్కడా గాయపు మచ్చ లేదని నిదానంగా వెతికి మరీ చూసుకుంది. తర్వాత రవికలోంచి డాక్టరు చీటీ తీసి నాకిచ్చింది.

"ఏమి రాసినాడో సదువు పాపా. ఆయప్ప చెప్పింది నాకు తలకెక్కల్యా."

చదివాను. రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఆపరేషను చేయించాలని, ఇప్పటికే ఆలస్యమైందని, ఇంకా ఆలస్యం చేస్తే వేళ్ళు రావని ఉంది. తెలుగులో చెప్పాను.

ఆమె చీటీ వెనక్కు తీసుకుని, "రాయవేలూరంటే శానా అవుతాదే," అంది. "మీ మామను అడిగినా. కారుకైతే ఇన్సూరెన్సు ఉంది గానీ మనుషులకు ల్యాదు మ్మా అన్నాడు. నిజమే గదా? ఇనుముకు ఉంటాది, మనకెందుకుంటాది."

మా మామ మోసం చేయాలని ఆ మాట అనలేదు. ఆయనకు తెలియదు. పాలసీ నా వెనక బీరువాలో ఉంది.

"అవునక్కా," అన్నాను.

మా అమ్మ ఆమెకు అన్నం పెట్టింది. ఎడమచేత్తో తినడానికి సిగ్గుపడి ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. నేను మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళి, ఆమె తినేదాకా వంటింట్లోనే ఉండిపోయాను. ఆ సాయంత్రం నా ఒళ్ళు కాలింది. మా అమ్మ చెయ్యి పెట్టి చూసి, "జ్వరం ల్యాదు, ఏమీ ల్యాదు," అంది. ఆమె చెప్పింది నిజం.

జ్యేష్ఠం

నా చేత మాట్లాడించింది నా ధైర్యం కాదు. నాన్న నా ఆసుపత్రి రసీదులన్నీ తేదీల వరసలో పేర్చి, గుచ్చి, కవరులో పెట్టాడు. కవరు మీద తన గుండ్రటి చేతిరాతతో నా పేరు రాశాడు. ఇంకొక ఖాళీ కవరు తీసి దాని మీద హుసేన్‌బీ పేరు రాసి, "ఆమె చీటీలు గూడా తెప్పియ్యి. రెండూ ఒగేసారి పంపుదాం. మీ ఆయనకు నేను జాబు రాస్తా," అన్నాడు. ఆ ఖాళీ కవరు చూసి ఇక నావల్ల కాలేదు. చెప్పేశాను. ఫారం రాసింది నేనేనని, ఆయనతో అబద్ధమాడానని, హుసేన్‌బీతో కూడా ఆడానని.

నాన్న తిట్టలేదు. కలం, కాగితాలు, సిరాబుడ్డి తెచ్చి నా ముందు పెట్టి బయటకు పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కంపెనీకి రాశాను. ఆ రోజు కారులో నలుగురమున్నామని, పేర్లు, వయసులు, ఎవరికి ఏ గాయమో, మొదటి ఫారంలో ఆ గడి అబద్ధమని, అది నా చేతిరాతేనని. నకలు మా ఆయనకు పంపాను. మూడో రోజు ఆయన బస్సులో వచ్చాడు. కారు అప్పటికే బాగైంది, అయినా బస్సులో వచ్చాడు.

"సంతకం నాది. అది అబద్ధమని నువ్వు రాస్తే నన్నేమంటారు?"

"రాసింది నేనని కూడా రాశాను."

"కారు దుడ్లు వాపసు అడిగితే?"

అప్పుడు పాప పాకుతూ వచ్చి ఆయన పంచె పట్టుకుని నిలబడింది. దానికి నిలబడటం వచ్చిన సంగతి ఆయనకు తెలియదు. చాలాసేపు దాన్నే చూశాడు.

"ఆమె చెయ్యి అంత చెడిపోయిందా?"

"ఇంకా ఆలస్యమైతే రాదంట."

"మా నాయనకు నేను చెప్తా," అన్నాడు చివరికి. "మాయమ్మకు నువ్వు చెప్పుకో."

పులివెందుల వెళ్ళి చెప్పాను. మా అత్త నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు పనామెతో, నాకు వినపడేటట్టు, "ఆ కారు తెర పీకి పాతగుడ్డల్లో ఎయ్. ఇంగ మనకు దాపరికం ఏముంది, కోడలు మద్రాసుకు జాబులు రాస్తాంటే," అంది.

ఆషాఢం

కంపెనీ నుంచి విచారణకు ఒక పెద్దమనిషి వచ్చాడు. మా మామ ముందర, హాల్లో, ఆ పెద్దమనిషి ఎదుట నేను కూర్చోవలసి వచ్చింది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు.

"ఇది రాసింది ఎవరు?"

"నేనే."

"ఇది?"

"అదీ నేనే."

"రెండూ మీ చేతిరాతే. ఏది నమ్మాలమ్మా?"

మర్యాదగానే అడిగాడు. మా మామ తల వంచుకుని తన చెప్పులకేసి చూస్తున్నాడు. ఆసుపత్రి రిజిస్టరులో ఒకే రోజు, ఒకే లారీలో వచ్చినట్టు మా పేర్లు వరసగా ఉండబట్టి విచారణకొచ్చినాయన నమ్మాడు. నన్ను చూసి కాదు.

హుసేన్‌బీ సంతకం కావాలంటే, ఆ కాగితం తీసుకుని నడిచి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆమె భర్త మంచం మీద దగ్గుతున్నాడు. గడపలోనే నిలబడి మొత్తం చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. చివరికి అడిగింది:

"నేను ప్రొద్దుటూరొచ్చి అడిగిన పొద్దు నీకు తెలుసా?"

"తెలుసు."

"మీ మామ ల్యాదంటే నాకేం బాధ కాల్యా పాపా. ఆయప్పకు ఆ అచ్చరాలు రావు. నీకొచ్చు గదా."

వేలిముద్ర చాలునని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. తనకు సంతకం వచ్చునంది. కాగితాన్ని కుడిమోచేత్తో అదిమిపెట్టి, ఎడమచేత్తో, ఒక్కొక్క అక్షరం ఆపి ఆపి తన పేరు రాసింది. నేను పట్టుకోబోతే వద్దంది.

ఇప్పుడు, కార్తీకం

నా ఖర్చులు కంపెనీ ఇవ్వలేదు. అబద్ధం నాది కాబట్టి. అది న్యాయమే. కారు సంగతి ఇంకా ఉత్తరాల మీద నడుస్తోంది. హుసేన్‌బీ అక్కవి మాత్రం ఒప్పుకున్నారు. భాద్రపదంలో రాయవేలూరులో ఆపరేషను జరిగింది. మా ఆయన తోడు వెళ్ళాడు. బొటనవేలు, చూపుడువేలు కదులుతున్నాయి. మిగతా మూడూ అట్లాగే ఉండిపోతాయని చెప్పారు. రెండు నెలలు ముందు వచ్చి ఉంటే అని డాక్టరు అనబోయి ఆగాడట. మా ఆయన ఆ మాట నాకు చెప్పకుండా ఉండి ఉండొచ్చు. చెప్పాడు.

పోయిన వారం ఆమె మళ్ళీ మిషను ముందు కూర్చుందని విని వెళ్ళాను. రెండు వేళ్ళతో గుడ్డను సూది కిందకు నెడుతోంది. కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ వేస్తోంది. పాపను చూడగానే మిషను ఆపి ఒళ్ళోకి తీసుకుంది. నేను తెచ్చిన రవిక గుడ్డ మిషను పక్కన పెట్టాను.

ఆమె దాన్ని విప్పి చూడలేదు.

"బిడ్డవి తీసకరా, కుడతా," అంది. "నీవి ఇంగ యాడన్నా ఇచ్చుకో పాపా."

కోపంగా అనలేదు. గుడ్డ తీసి నా చేతికిచ్చి, పాప నడుము కొలత చూడటానికి టేపు కోసం వెతుక్కోసాగింది.